జీతంతో ఒక రోజు

లాండ్రీ మేడ మీద గది,
సెలవులకు ఏడు వారాల ముందు

అత్తకి,

నువ్వు లాండ్రీ నాకప్పగించి కొండ మీద నీ స్నేహితురాలి ఇంటికి వెళ్ళి ఎనిమిది నెలలైంది. తుంటి నొప్పి ఎలా ఉందో నిజం రాయి. "బాగానే ఉంది" అంటే నమ్మను. బాయిలరు పగిలిన రోజు కూడా నువ్వు అదే మాట అన్నావు.

ఇప్పుడింకా పొద్దు పొడవలేదు. కింద మిషన్లు మొదలు కాలేదు. బాయిలరు వేడెక్కుతుంటే మొదటి ఆవిరి మెట్లెక్కి పైకొచ్చి నా కిటికీ అద్దానికి అతుక్కుంటోంది. వీధి కనిపించడం లేదు. దీపాలు మాత్రం పాలలో పడి కరిగిపోతున్నట్టున్నాయి. రోజంతటిలో ఈ పది నిమిషాలే నావి. లాండ్రీ మొత్తాన్నీ ఎవరో నిద్దట్లో కలగంటున్నట్టుంటుంది. ఇంతలో ఇస్త్రీ పెద్దాయన దగ్గుతూ లోపలికొస్తాడు. అంతే, తెల్లారిపోతుంది.

ఒక సంగతి చెప్పాలి. మొన్న పెద్ద హోటలు మేనేజరు తనే వచ్చాడు. వాళ్ళ హోటల్లో ఒక ముసలావిడ దిగిందట. పొద్దున్నే లేచి కళ్ళు తుడుచుకుంటూ, "ఈ దుప్పటి ఎవరు ఉతికారు? చిన్నప్పుడు మా అమ్మ పరిచిన పక్కలో పడుకున్నట్టుంది" అందట. నాకు ఒళ్ళు పులకరించింది. వెంటనే మన వాళ్ళతో చెబుదామని కిందికి పరిగెత్తాను. ఐదుగురూ తలెత్తి చూశారు. అంతమంది ఒకేసారి చూసేసరికి, చివరికి ఏమన్నానో తెలుసా? "తువ్వాళ్ళు తొందరగా కానివ్వండి" అన్నాను. పైకొచ్చి తల గోడకేసి కొట్టుకున్నాను.

సంవత్సరం చివరి సెలవులొస్తున్నాయి. లోకమంతా సెలవు తీసుకుంటే మనకి పని రెట్టింపు. హోటళ్ళు నిండితే మన బల్లలు నిండుతాయి. ఈసారి ఆ ఐదుగురికీ ఏదైనా ఇవ్వాలనుంది. కానీ కొత్త బాయిలరు గల్లాపెట్టెని అడుగు దాకా నాకేసింది. నా చేతికి ఎముక లేదు గానీ పెట్టెకి మాత్రం అన్నీ ఎముకలే. ముప్ఫై ఏళ్ళు నడిపినదానివి, నువ్వేం ఇచ్చేదానివి?

నది అవతల పెట్టిన పెద్ద లాండ్రీ వాళ్ళు మన వాళ్ళతో మాట్లాడుతున్నారని గుసగుసలు. ఒక్కరు వెళ్ళినా తలుపులు మూసుకోవాల్సిందే. ఇవ్వాలనుకుంటున్నది అందుకే కాదు. అందుక్కూడా.

నీ గువ్వ


కొండ మీది ఇల్లు, తూర్పు వరండా,
మంచు పడుతున్న ఉదయం

గువ్వకి,

నొప్పి ఉంది. నిజం అడిగావు, రాశాను. ఇక దాని ఊసెత్తకు.

నేనిచ్చింది సబ్బుల పెట్టె. మనిషికొకటి. కాగితంలో చుట్టి బల్ల మీద పెట్టి, "తీసుకోండి" అనేదాన్ని. ముప్ఫై ఏళ్ళూ అంతే. "పొద్దస్తమానం సబ్బు నీళ్ళలో నానేవాళ్ళకి మళ్ళీ సబ్బులేమిటే, చేపకి చెంబుడు నీళ్ళిచ్చినట్టు!" అని మీ నాన్న నవ్వేవాడు. నా తమ్ముడికి వెటకారం పుట్టుకతోనే వచ్చింది. నేను పట్టించుకోలేదు. ఎవరూ వద్దనలేదు కదా అనుకున్నాను.

నువ్వు మరీ గాల్లో తేలకు. హోటలు మేనేజరు చెప్పింది ఒక్క ముక్కలో చెప్పెయ్, నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది. అయితే ఇస్త్రీ పెద్దాయన్ని ఎదురుగా పొగడకు, ఆ సంబరంలో రెండు చొక్కాలు మాడుస్తాడు. మరకల మాస్టారికి కానుకలక్కర్లేదు. ఏ మరకని ఎలా వదిలించాడో ఆయన చెబుతుంటే మధ్యలో లేవకుండా వింటే చాలు. వ్యాను డ్రైవరుకి వేళకి ఇల్లు చేరడం కావాలి. మిషన్ల దగ్గరావిడకి ఆ మోతలో సగం చెవుడొచ్చింది, ఏం చెప్పినా దగ్గరికెళ్ళి ముఖం చూస్తూ చెప్పు.

ఇంతకీ నన్నడగడం దేనికి? వాళ్ళనే అడుగు. నేనెప్పుడూ అడగలేదు.

ఇక్కడ పొద్దున్నే మబ్బులు వరండాలోకి వచ్చేస్తాయి. కుర్చీలో కూర్చుంటే కాళ్ళు కనిపించవు. మన లాండ్రీలో ఉన్నానేమో అనిపించి, లేచి ఎవరినో కేకలెయ్యబోయి కూర్చుంటాను.

అత్త


లాండ్రీ కింది అంతస్తు, ఇస్త్రీ బల్ల,
సెలవులకు నాలుగు వారాలు

అత్తకి,

ఈ ఉత్తరం మీద గోధుమరంగు మచ్చ కనిపిస్తే కంగారు పడకు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టుకుని రాస్తున్నాను. ఎందుకో చెబుతాను.

నువ్వన్నట్టే అడిగాను. ముందు ఆ ముసలావిడ మాట చెప్పాను. మిషన్లు ఆపించి, అందరి ముఖాలూ చూస్తూ చెప్పాను. మరకల మాస్టారు వెంటనే, "ఏ గది? పోయిన వారం పన్నెండో గది దుప్పటి మీద సిరా ఒలికింది, నేనే వదిలించాను. ఆ దుప్పటే అయ్యుంటుంది" అన్నాడు. అందరూ ఒక్కసారి నవ్వారు. ఆ నవ్వులోనే అడిగేశాను. "సెలవులకి మీకేం కావాలి? నా దగ్గర డబ్బు లేదు, అది తప్ప అడగండి."

ఇస్త్రీ పెద్దాయనే ముందు, "ఎండలో పడుకోవాలమ్మా. వారం మధ్యలో, పట్టపగలు. నలభై ఏళ్ళుగా మధ్యాహ్నం ఎలా ఉంటుందో చూడలేదు" అన్నాడు.

అప్పుడు తట్టింది. మనిషికి ఒక రోజు ఇస్తాను, జీతంతో. వాళ్ళ పని నేను చేస్తాను. ఖర్చయ్యేది నా చేతులే. వాళ్ళ రోజులన్నీ ఇక్కడ మన పనిలోనే పోయాయి, వాళ్ళు ఒక్కటీ చూసుకోలేదు.

ముందు పెద్దాయన వెళ్ళాడు. నేను ఆయన బల్ల దగ్గర నిలబడ్డాను. పది గంటలయ్యేసరికి రెండు దిండు గలీబులు కాల్చాను. ఆయన పక్కనే పదేళ్ళుగా తిరుగుతున్నా, ఆయన ప్రతి చొక్కాకీ ముందు కాలరు మీద చెయ్యి పెట్టి ఒక్క క్షణం ఆగుతాడని నాకు తెలియదు. అలా ఆగితేనే గుడ్డ ఎంత తడిగా ఉందో తెలుస్తుందట. మర్నాడు తిరిగొచ్చి చెప్పాడు. నది ఒడ్డున బెంచీ మీద పడుకున్నాడట. "మబ్బులు పోతున్నాయమ్మా. అన్నీ నలిగిపోయి ఉన్నాయి. నా చెయ్యి ఊరికే కదిలింది. సర్లే, ఇవి నావి కావులే అనుకున్నాను. అంతే, నిద్రపట్టేసింది."

తర్వాత డ్రైవరు. నేను వ్యాను నడిపి పెద్ద హోటలు తువ్వాళ్ళు చిన్న హోటలుకీ, చిన్న హోటలువి పెద్దదానికీ ఇచ్చొచ్చాను. తిట్లన్నీ తిన్నాను. ఆయన ఆ రోజంతా ఏం చేశాడనుకున్నావు? ఊరి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఈ చివర నుంచి ఆ చివరికి నాలుగుసార్లు తిరిగాడట. "రోడ్డు చూడక్కర్లేకుండా వీధులు చూశానమ్మా. మన ఊళ్ళో ఇన్ని మేడల మీద ఇన్ని పూల కుండీలున్నాయని నాకు తెలీదు."

దుప్పట్లు మడత పెట్టే మన మడతలమ్మే చిక్కు. "మీ రోజు ఎప్పుడు?" అంటే, చేతిలో దుప్పటి ఆపకుండా, "నాకొద్దు" అంది.

"ఏ రోజైనా సరేనండీ. సెలవుల వారంలోనైనా సరే."

"ఆ వారం అసలే వద్దు. నేనిక్కడ సెలవు అడగనమ్మాయ్."

"మీరు అడగలేదు, నేనే ఇస్తున్నాను."

"ఇవ్వడానికీ ఒక వేళుంటుంది" అని కొస కొసకి కలిపి మడిచేసింది. కోపంగా కూడా అనలేదు. చిన్నప్పుడు నన్ను ఎత్తుకుని తిరిగిన మనిషి, నావైపు చూడకుండా మాట్లాడింది.

నీ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. నలుగురి గురించీ రాశావు. ఆవిడ గురించి ఒక్క ముక్క లేదు. ఎందుకత్తా?

గువ్వ


కొండ మీది ఇల్లు,
మబ్బు పట్టిన మధ్యాహ్నం

గువ్వకి,

కాలిన గలీబులు పారెయ్యకు. కత్తిరించి కుట్టిస్తే చేతి గుడ్డలవుతాయి.

ఇక్కడ మంచు ఎక్కువగా ఉంది. పక్కింటి గొర్రెలు పొద్దున్న మంచులోకి వెళ్ళి సాయంత్రం మంచులోంచి వస్తాయి. మధ్యలో ఎక్కడుంటాయో కాపరికీ తెలియదేమో. నా స్నేహితురాలు పొద్దెక్కే దాకా నిద్రపోతుంది. నాకు మాత్రం నాలుగింటికే మెలకువ వచ్చేస్తుంది. బాయిలరు ఎవరు వెలిగిస్తారా అని.

మడతలమ్మ వద్దంటే వదిలెయ్. బలవంతంగా ఇచ్చేది కానుక కాదు.

మడత పెట్టేటప్పుడు అరచెయ్యి చాచి ఉంచు, వేళ్ళతో గుంజకు.

అత్త


లాండ్రీ మేడ మీద గది,
సెలవులకు రెండు వారాలు

అత్తకి,

మంచు గురించీ గొర్రెల గురించీ ఎంత చక్కగా రాశావో! నేనడిగిన దానికి మాత్రం జవాబు లేదు.

మరకల మాస్టారు తన రోజు తీసుకుని వచ్చాడు. బొమ్మల ప్రదర్శనశాలకి వెళ్ళాడట. "ఎంత రంగు ఒలికిందమ్మా ఆ గోడల మీద! ఒక్కటీ వదిలించక్కర్లేదు!" అని రెండు గంటలు చెప్పాడు. నేను మధ్యలో లేవకుండా విన్నాను. అంత ఓపిగ్గా విన్నందుకేమో, చివర్లో గొంతు తగ్గించి, "మడతలమ్మ సంగతి మీ అత్తగారు చెప్పలేదా?" అన్నాడు. నేను తల అడ్డంగా ఊపాను.

పంతొమ్మిదేళ్ళ కిందట, ఇదే సెలవుల వారంలో, ఆవిడ చెల్లెలి పెళ్ళి. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేని పెళ్ళి. పుట్టింటి తరఫున వస్తానన్నది అక్క ఒక్కతే. ఒక్క రోజు సెలవడిగితే నువ్వు ఇవ్వలేదట. పెళ్ళికూతురు తన మనిషంటూ ఒక్కరు లేకుండా నిలబడిందట. అక్క కూడా వెలేసిందనుకుంది. ఆ రోజు నుంచి అక్కాచెల్లెళ్ళకి మాటల్లేవు. నాలుగు గంటల బస్సు ప్రయాణం దూరంలో ఉందట ఆ చెల్లెలు. పంతొమ్మిదేళ్ళు!

నేను తిన్నగా వెళ్ళి మడతలమ్మ పక్కన నిలబడ్డాను. "సెలవు ఇవ్వలేదని చెల్లెలికి చెప్పలేకపోయారా?" అన్నాను.

డ్రయ్యర్లోంచి అప్పుడే తీసిన దుప్పట్లు మా ఇద్దరి మధ్యా పొగలు కక్కుతున్నాయి.

"చెబితే అది ఏమంటుంది? ఉద్యోగం వదిలేసి రావచ్చుగా అంటుంది. నిజమే కదా. రావచ్చు. ఆయనకి ఒంట్లో బాగా లేదు, పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు, నా జీతం మీదే ఇల్లు గడుస్తోంది. అయినా రావచ్చు. మీ అత్తగారు ఆపారు నిజమే. ఆగిపోయింది నేనే కదమ్మాయ్" అంది.

ఇంకో మాట కూడా చెప్పింది. సెలవులయ్యాక నది అవతలికి వెళ్ళిపోతుందట. వాళ్ళు పిలిచారట. "నీ మీద కోపం కాదు. ఈ బల్ల దగ్గర నిలబడి నిలబడి విసుగెత్తింది" అంది.

పదేళ్ళుగా నీ పక్కనే ఉన్నాను. ముల్లులాంటి ఈ సంగతి ఒక్కసారైనా నీ నోట రాలేదు. నేనేదో మంచిపని చేస్తున్నానని మురిసిపోతూ అందరికీ రోజులు పంచాను. ఆవిడకి మాత్రం నేను చూపించింది ఏ రోజునత్తా?

గువ్వ


కొండ మీది ఇల్లు,
రెండు రోజులు రాయలేక, మూడో రోజు

గువ్వా,

విన్నదంతా నిజం. నువ్వు వినంది కూడా ఉంది.

ఆ వారం పెద్ద మిషను చెడిపోయింది. హోటళ్ళన్నీ నిండి ఉన్నాయి. ఆవిడ పొద్దున్న దుప్పట్ల గుట్ట దగ్గర అడిగింది. మధ్యాహ్నం మళ్ళీ అడిగింది. సాయంత్రం నేను మెట్లు దిగుతుంటే కింద నిలబడి మూడోసారి అడిగింది. అప్పుడు నేనన్న మాట విను. "నువ్వు లేకపోతే పెళ్ళి ఆగదు. నువ్వు లేకపోతే దుప్పట్లు ఆగుతాయి." భలే అన్నాను అనుకున్నాను కూడా. అంత చక్కగా అమరిన మాట నా జీవితంలో ఇంకెప్పుడూ అనలేదు. అది కత్తి అని అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే వచ్చి బల్ల దగ్గర నిలబడింది. పెళ్ళి వేళకి అనుకుంటాను, చేతుల్లో దుప్పటి పైకెత్తి అలాగే ఉండిపోయింది. ముఖం కనిపించలేదు. తెల్లటి గుడ్డ, దాని కింద రెండు పాదాలు. నేను మెట్ల మీద నుంచి చూశాను. ఒక్క మాట, "వెళ్ళు, సాయంత్రానికైనా చేరతావు" అంటే సరిపోయేది. వేడి గుడ్డ చల్లారే దాకా చూసి, పైకి వెళ్ళిపోయాను.

ఆ ఏడాది ఆవిడకి రెండు సబ్బుల పెట్టెలిచ్చాను. అందరికీ ఒకటి, ఆవిడకి రెండు. ఆవిడ ఒకటి తీసుకుని, ఒకటి బల్ల మీదే వదిలేసి వెళ్ళింది. దాన్ని నేనే వాడుకున్నాను, గువ్వా. వాసన ఇప్పటికీ గుర్తే.

చెల్లెలితో మాటలు పోయాయని మరుసటి ఏడు తెలిసింది. అప్పుడైనా చెప్పాల్సింది. యజమానిని, తల వంచితే మళ్ళీ ఎత్తలేననుకున్నాను. ఆవిడ ఎప్పుడూ అడగలేదు కనక మరిచిపోయిందనుకోవడం నాకు తేలికైంది. ఎవరినీ ఏమీ అడగకుండానే మిగిలిన ఏళ్ళన్నీ గడిపేశాను.

వచ్చే వారం, సెలవులకి రెండు రోజుల ముందు, పొద్దున రైలుకి దిగుతాను. పెళ్ళి జరిగింది ఆ తారీఖునే. ఆవిడ పని ఆ రోజు నేను చేస్తాను. తుంటి సంగతి ఎత్తావంటే నీతో మాట్లాడను. ఆవిడకి ముందే చెప్పకు. చెబితే ఆ రోజు రాదు.

అత్త


కొండ మీది ఇల్లు,
తిరిగొచ్చిన మర్నాడు

గువ్వకి,

స్టేషనుకి వచ్చి నన్ను ఎక్కించావు. దారంతా అడిగావు. "మిషన్ల మోతలో మీ ఇద్దరి పెదవులూ కదలడం కనిపించింది గానీ, ఒక్క అరుపు తప్ప మాట వినపడలేదు, ఏం మాట్లాడుకున్నారు?" అని. రైలెక్కే దాకా చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తాను.

నేను లోపలికి రాగానే ఆవిడ చూసింది. నేను బల్లకి ఇవతల నిలబడి, "నేను తప్పు చేశాను" అన్నాను. ఆ మోతలో ఆవిడకీ వినపడలేదు. "ఏంటమ్మగారూ?" అంది. పంతొమ్మిదేళ్ళకి అన్న మాట రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది, చూడు! "తప్పు చేశాను! ఆ రోజు నిన్ను పంపించాల్సింది!" మిషన్ల దగ్గరావిడ కూడా ఇటు తిరిగింది. ఆవిడకి వినపడిందంటే ఎంత గట్టిగా అరిచానో అనుకో.

మడతలమ్మ గుట్టలోంచి ఒకటి లాగి, "ఆ కొస పట్టుకోండి" అంది.

పెద్ద దుప్పటి. ఆవిడ రెండు కొసలు, నేను రెండు కొసలు. ఇద్దరం దూరం జరిగాం, గుడ్డ గాలికి పొంగింది, దగ్గరికొచ్చాం. నా చేతిలో కొసలు ఆవిడ తీసుకుంది. మళ్ళీ దూరం, మళ్ళీ దగ్గర. ఎన్ని దుప్పట్లో లెక్క లేదు. ఆవిరిలో ఆవిడ ముఖం కనిపిస్తోంది, పోతోంది. ఒకసారి ముప్ఫై ఏళ్ళ పిల్లలా కనిపించింది. నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు. ఆవిడే అంది, "దుప్పటి తడవకుండా చూడండి, మళ్ళీ ఆరబెట్టాలి."

అప్పుడు జేబులోంచి ఉత్తరం తీసి ఇచ్చాను. ఆవిడ చెల్లెలికి రాసింది. అందులో పెద్దగా ఏమీ లేదు. "మీ అక్క మీ పెళ్ళికి రావాలని ఒకే రోజు మూడుసార్లు నన్ను అడిగింది. నేను రానివ్వలేదు. పెళ్ళి వేళకి ఆవిడ దుప్పటి వెనక నిలబడి ఉండడం నేను కళ్ళారా చూశాను. ఇది చెప్పడానికి నాకు పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఆ పాపం మీ అక్కది కాదు." అంతే. కింద నా సంతకం.

"నేను చెబితే నమ్మదని రాశారా?" అంది.

"కాదు. నువ్వెప్పటికీ చెప్పుకోవని రాశాను."

చేతులు తుడుచుకుని, కవరు తీసుకుంది. పైన పేరు చదివింది. కవరు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసుకుంది. తర్వాత ఏప్రాను విప్పి నా మెడలో వేసి, వెనక ముడి కట్టింది. బిగించి కట్టింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, "పెద్ద హోటలు వాళ్ళవి నాలుగు మడతలు, చిన్న హోటలువి మూడు" అంది. వెళ్ళిపోయింది.

ఎక్కడికెళ్ళిందో తెలియదు. బస్సెక్కిందో, ఇంటికెళ్ళిందో, తిన్నగా నది అవతలికే వెళ్ళిందో. సాయంత్రం నేను రైలెక్కే దాకా తిరిగి రాలేదు. నా నడుము నిలువునా చీలిపోతోంది, అది వేరే సంగతి. నీకు తెలిసిన వెంటనే రాయి. మంచి అయినా చెడు అయినా రాయి.

అత్త


లాండ్రీ కింది అంతస్తు, మడతల బల్ల,
సెలవుల మొదటి రోజు

అత్తా,

నిన్న రాద్దామంటే ఊపిరాడలేదు. ఇవాళ ఆవిడ భోజనానికి వెళ్ళిన అరగంటలో ఆవిడ బల్ల మీదే రాస్తున్నాను.

నువ్వు వెళ్ళిన మర్నాడు, అంటే నిన్న, ఏడాది మొత్తంలోనే బరువైన రోజు. ఆరింటికి రావాల్సిన మడతలమ్మ రాలేదు. ఆరున్నరైంది. అందరి కళ్ళూ తలుపు మీదే. మరకల మాస్టారు ఒకే మరకని మూడుసార్లు రుద్దాడు. దుప్పట్లు నా మోకాళ్ళ దాకా, తర్వాత నడుము దాకా పేరుకున్నాయి. వెళ్ళిపోయిందనుకున్నాను. కోపం రాలేదు. ఒక రోజు ఇచ్చాం, ఆ రోజులో ఆవిడ వెళ్ళిపోవాలనుకుంటే అదీ ఆవిడదే కదా అనుకున్నాను.

ఏడింటికి ఫోను మోగింది. మిషన్లు ఆపమని సైగ చేశాను. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో! ఆవిరి మాత్రం కదులుతోంది.

"అమ్మాయ్, నేను" అంది.

"చెప్పండి."

"ఇవాళ కూడా నాకు సెలవు కావాలి."

అత్తా, పంతొమ్మిదేళ్ళలో ఆవిడ నోరు తెరిచి అడిగిన మొదటి సెలవు అది. నా కళ్ళ ముందు నడుమెత్తు దుప్పట్లు. ఇంకో గంటలో వ్యాను హోటలుకి బయల్దేరాలి.

"తీసుకోండి" అన్నాను.

"ఎందుకని అడగవా?"

"అడగను."

ఇంతలో ఫోనులో వెనకనుంచి ఎవరో, అచ్చం ఆవిడ గొంతే, కాకపోతే కొంచెం సన్నగా, "అక్కా, చల్లారిపోతోంది, ముందు తాగు!" అని కేకేశారు. "వస్తున్నానే, ఆగు!" అని ఈవిడ కసిరింది. ఎవరినీ ఏనాడూ అలా కసరగా నేను వినలేదు. ఎంత హాయిగా ఉందో విసుక్కోవడం!

ఫోను పెట్టేసి, "ఆవిడ ఇవాళ రారు. సెలవడిగారు, ఇచ్చాను" అన్నాను. ఇస్త్రీ పెద్దాయన పెట్టె పక్కన పెట్టి చేతులు దులుపుకుని మడతల బల్ల దగ్గరికొచ్చాడు. డ్రైవరు వచ్చాడు. ఒకరి వెనక ఒకరు అందరూ వచ్చారు. పొద్దున్న ఎండ ఆవిరిలోంచి ఏటవాలుగా పడుతోంది. ఐదుగురం తెల్లటి గుడ్డలు చాచుకుంటూ, దగ్గరికొస్తూ, దూరం జరుగుతూ. మిషన్ల దగ్గరావిడ ఏదో కూనిరాగం తీసింది. ఎవరికీ మడతలు సరిగా రాలేదు. చిన్న హోటలుకి కూడా నాలుగు మడతలే వెళ్ళాయి. ఎవరైనా అడిగితే కొత్త పద్ధతి అని చెప్పమన్నాను.

ఇవాళ ఆరింటికి ఐదు నిమిషాలుండగా వచ్చింది. ఏప్రాను కట్టుకుంటూ, తనంతట తనే చెప్పింది. చెల్లెలు తలుపు తీసి, గుర్తుపట్టి, మళ్ళీ వెయ్యబోయిందట. ఈవిడ కవరు చాచిందట. చెల్లెలు గడప మీద నిలబడే చదివింది. రెండోసారి చదివింది. తర్వాత, "మూడుసార్లు అడిగావా?" అందట. "అడిగాను." "నాలుగోసారి అడగాల్సింది" అని ఏడ్చిందట. "అవునే, అడగాల్సింది" అని ఈవిడా ఏడ్చిందట. పిల్లలున్నారు, ఇద్దరు, పెద్దదానికి అచ్చం తన ముక్కే వచ్చిందట. ఆ ముక్కు గురించే పావుగంట చెప్పింది.

నేను నది అవతలి సంగతి ఎత్తలేదు. ఎత్తడానికి ధైర్యం చాల్లేదు. ఆవిడ నిన్నటి మడతల్ని చూసి, నుదురు కొట్టుకుని, మొదటి దుప్పటి చేతిలోకి తీసుకుంది. దాన్ని విదిలిస్తూ అంది.

"వచ్చే ఏడాది కూడా ఆ రోజు నాకు సెలవు కావాలి. వాళ్ళ పెళ్ళయి ఇరవై ఏళ్ళవుతుంది. ఇప్పుడే చెబుతున్నాను, తర్వాత తెలీదనకు."

నేను ఆ దుప్పటి రెండో కొస పట్టుకున్నాను.

గువ్వ